అమ్మావాళ్లొచ్చారు, మ్యూనిక్‌లో ఎక్కడ తినిపించాలి?

జూన్ వచ్చిందంటే నా ఫోన్లో ఒకటే ప్రశ్న: "అక్కా, అమ్మావాళ్లు దిగారు, ఆదివారం భోజనానికి బయట ఎక్కడికి తీసుకెళ్లమంటావ్?" 90 రోజుల వీసా మీద పెద్దవాళ్లు వచ్చే కాలం కదా. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్న మాత్రం అదే. ఇండియన్ రెస్టారెంటా, ఇక్కడివాళ్ల భోజనశాల విర్ట్స్‌హౌసా, చెట్ల కింద బీర్‌గార్టెనా? ఎటు తిప్పినా ఈ మూడు ముక్కలాటే. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక అయిపోయి ఒకేసారి రాసేస్తున్నాను.

ఒక్క మనిషి రుచి సంగతైతే జవాబు సులువే. మా ఇంట్లో అలా కాదు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారికి చేపో కోడో ఉంటే చాలు, పెద్దమాంసం పేరెత్తితే లేచి నిలబడతారు. మా ఆయన దేన్నీ వదలడు. ఏడేళ్ల మా వాడికి బంగాళదుంప వేపుడు తప్ప లోకంలో ఇంకో తిండి లేదు. మీ ఇల్లూ ఇంచుమించు ఇలాగే ఉంటుందని నా అనుమానం. అందుకే ఏ చోటు గొప్పదని నేను చూడను. ఒకే బల్ల దగ్గర నలుగురూ కడుపునిండా తిని లేవగలరా, లేదా? నా తూకంరాయి అదొక్కటే.

ముందు ఇండియన్ రెస్టారెంట్ సంగతి. మొదటి ఏడాది నాకూ అదే తట్టింది. ఇక్కడి మెనూల్లో ఎక్కువగా కనిపించేది పంజాబీ వరసే: బటర్ చికెన్, పాలక్ పనీర్, మామిడి లస్సీ. జర్మన్ నాలుకకి తగ్గట్టు క్రీము ఎక్కువ, కారం తక్కువ. "ఇండిష్ షార్ఫ్", అంటే ఇండియాలో తినేంత కారం, అని నొక్కి చెబితే వంటింటివాళ్లు కాస్త కరుణిస్తారు. దోసెలు వేసే చోట్లు కూడా ఇప్పుడు ఊళ్లో ఉన్నాయి, వాటిని తప్పు పట్టను. కానీ ఖండాలు దాటి వచ్చిన మనిషి ముందు దోసె పెట్టి ఎలా ఉందని అడిగితే ఏం చెబుతుంది? అత్తయ్యగారు అన్నది ఇదీ: "బాగానే ఉందమ్మా. మన సందు చివర బండివాడు ఇంతకన్నా పల్చగా పోస్తాడు." దాని ధర మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నాక చట్నీ కూడా గొంతు దిగలేదావిడకి. కచ్చితంగా శాకాహారం కావాలంటే, అదీ చలికాలంలో అయితే, ఇదే దారి. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి, లంచ్ మెనూ రాత్రి ధర కన్నా బాగా తక్కువ.

విర్ట్స్‌హౌస్ అంటే ఇక్కడి అసలు సిసలు భోజనశాల. చెక్క గోడలు, పొడుగు బల్లలు, చేతిలో నాలుగైదు మగ్గులు పట్టుకుని నడిచే సర్వర్లు. హోఫ్‌బ్రాయ్‌హౌస్ 1589లో మొదలైన బ్రూవరీ. పెద్దవాళ్లకి చూపించండి, ఫొటో తీయించండి. మాంసం తినేవాళ్లకి ఇలాంటి చోట్లు పండగే. వేయించిన పంది మాంసం, దాని మీద పటపటలాడే తోలు, పక్కన క్నోడెల్ అనే ఉండలు. బోటీ, తలకాయ కూర అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఊపిరితిత్తులని సన్నగా తరిగి పుల్లటి పులుసులో వండే "సౌరెస్ లుంగెర్ల్" దొరుకుతుంది. ఆ వంటలు చాలావరకు దూడ మాంసంతోనే, అది చూసుకోండి. మా ఆయన మాత్రం రెండు సార్లు తెప్పించుకున్నాడు.

చిక్కంతా అత్తయ్యగారి కంచం దగ్గర. ఒకసారి ఒక విర్ట్స్‌హౌస్‌లో మెనూ చదివి "అట్టు ముక్కల సూపట అత్తయ్యా" అని నేనే చెప్పాను. ఆ అట్టులో గుడ్డుంటుందని అప్పుడు నాకు తట్టలేదు. రెండు చెంచాలు తాగాక, ఎందుకో అనుమానమొచ్చి సర్వర్‌ని అడిగితే రసం గొడ్డు ఎముకలదని తేలింది. ఆవిడ ఏమీ అనలేదు. నీళ్లు అడిగి నోరు పుక్కిలించి వచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరవాత ఒక్కొక్కటీ తెలుసుకున్నాను. బవేరియా బంగాళదుంప సలాడ్‌లో మయోనైజ్ ఉండదని సంబరపడతాం, కానీ దాన్ని తరచుగా ఎముకల రసంతోనే కలుపుతారు. వేయించిన బంగాళదుంపల్లో పంది మాంసం పలుకులు దాక్కుంటాయి. ఎర్ర క్యాబేజీని చాలాచోట్ల జంతువుల కొవ్వుతో మగ్గబెడతారు. మిగిలేవి చీజ్ వేసిన ష్పెట్స్‌లె (పిండి నూడుల్స్), పుట్టగొడుగుల కూరతో రొట్టె క్నోడెల్. రెండూ కమ్మగా ఉంటాయి, రెండింట్లోనూ గుడ్డు తప్పదు. గుడ్డుతో పేచీ లేని శాకాహారులు నిశ్చింతగా వెళ్లొచ్చు. మా బల్ల మాత్రం అక్కడ ఫెయిల్.

ఇక బీర్‌గార్టెన్. పేరు వినగానే "అత్తమామల్ని బీరు షాపుకి తీసుకెళ్తావా" అని మా ఆడపడుచు ఫోన్లో కేకలేసింది. అది బారు కాదు. చెట్ల కింద వేల మంది కూర్చునే తోట. ఉయ్యాలలు, పిల్లల బండ్లు, నిద్రపోయే తాతలు, పేకాడే అమ్మమ్మలు, అందరూ ఉంటారు. వీటన్నిటికీ మించిన సంగతి ఒకటుంది: ఇంటి నుంచి మన డబ్బా తెచ్చుకుని దర్జాగా విప్పుకోవచ్చు. తాగేది మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి.

ఈ వెసులుబాటు ఇవాళ్టిది కాదు. వేసవిలో బీరు కాయకూడదని బవేరియాలో 16వ శతాబ్దం నుంచీ కట్టుబాటు ఉండేది. అందుకని చలికాలంలో చేసిన బీరుని ఇసార్ నది గట్ల మీద లోతైన నేలమాళిగల్లో దాచేవాళ్లు. నేల చల్లగా ఉండాలని పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆకు వెడల్పు, నీడ దట్టం, వేళ్లు లోతుకి పోవు, కింది గోడలని పగలగొట్టవు. ఆ నీడలోనే బల్లలు వేసి అమ్మడం మొదలెట్టేసరికి ఊళ్లోని భోజనశాలల వాళ్లు బేరాలు పోతున్నాయని గోల పెట్టారు. రాజు మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ 1812 జనవరిలో మధ్యే మార్గం పట్టాడు: బీరు, రొట్టె అమ్ముకోండి, వేరే వంటకాలు పెట్టడానికి వీల్లేదు. దాంతో జనం కూర, చీజ్ మూట కట్టుకుని రావడం మొదలెట్టారు. ఆ నిషేధం ఎప్పుడో పోయింది, మూట అలవాటు మాత్రం నిలిచిపోయింది. 1995లో ఒక బీర్‌గార్టెన్ పొరుగువాళ్లు రొదకి కోర్టుకెక్కితే, త్వరగా మూయాలన్న తీర్పు మీద మ్యూనిక్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. చివరికి 1999లో బవేరియా ప్రభుత్వం తెచ్చిన బీర్‌గార్టెన్ నిబంధనల్లో సొంత తిండి తెచ్చుకునే ఆనవాయితీకి కూడా చోటు దొరికింది. అంటే నా పులిహోర డబ్బాకి సర్కారు అండ ఉందన్నమాట.

ఒక్క గుర్తు పెట్టుకోండి. గుడ్డ పరిచిన బల్ల సర్వర్ వచ్చే బల్ల, అక్కడ డబ్బా తీయకూడదు. ఉత్త చెక్క బల్ల మనది. ఖాళీ ఉంటే కూర్చున్నవాళ్లని ఒక్క మాట అడిగి పక్కన చేరిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. "ష్టామ్‌టిష్" అని బోర్డున్న బల్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అది రోజూ వచ్చేవాళ్ల సొంత గద్దె. మగ్గుకి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిచ్చి డబ్బు తీసుకోవడం మరవొద్దు. నోట్లు, చిల్లర జేబులో ఉండనీయండి, అన్ని చోట్లా కార్డు గీకరు.

మా బల్ల ఎలా ఉంటుందంటే, అత్తయ్యగారికి పులిహోర, దోసకాయ ముక్కలు, మజ్జిగ మిరపకాయలు. మామయ్యగారికి పుల్లకి గుచ్చి నిప్పుల పక్కన కాల్చిన స్టెకర్ల్‌ఫిష్. అది ఎక్కువగా మాకరెల్, మన కానాగంతలకి దగ్గర చుట్టం. చేప లేని రోజు సగం కోడి, ఇక్కడి మాటలో హెండల్. మా వాడికి ఫ్రైస్, ష్పెత్సి అనే కోలా-ఆరెంజ్ కలుపుడు. మా ఆయనకి లీటరు మగ్గు. నాకు ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె. నాలుగు గంటలు కూర్చున్నా బిల్లు తెచ్చి పెట్టి తరిమే మనిషి ఉండడు. పోయిన వేసవిలో పక్కన కూర్చున్న ముసలాయన తెల్ల ముల్లంగిని స్ప్రింగులా కోసి ఉప్పు జల్లుకుని తింటుంటే అత్తయ్యగారు కాసేపు చూసి, "ముల్లంగే కదే, పచ్చిగానే తింటున్నాడు పాపం" అని డబ్బా మూతలో పులిహోర పెట్టి ఆయన ముందుకి జరిపారు. ఆయన సగం ముల్లంగి ఇటు తోశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఊరికెళ్లాక ఆవిడ అందరికీ చెప్పుకున్నది ఈ ముల్లంగి కథే.

ఏ బీర్‌గార్టెన్ అంటే, పిల్లలుంటే హిర్ష్‌గార్టెన్‌కే నా ఓటు. దాదాపు 8000 మంది పట్టే తోట, పక్కనే కంచె వెనక జింకలు. మగ్గు మనమే తీసుకుని కడుక్కుని నింపించుకోవాలి, అదో సరదా. ఇంగ్లీష్ గార్డెన్‌లోని చైనీస్ టవర్ దగ్గర బ్యాండు మోత, టూరిస్టులు, ఒకసారి చాలు. స్టేషన్ దగ్గర దిగి ఎక్కువ నడవలేనివాళ్లకి ఆగస్టీనర్ కెల్లర్. ఊరు చూడటానికి బయల్దేరి మధ్యలో ఆకలేస్తే విక్టువాలియెన్‌మార్క్ట్. సంతలో పండ్లు, రొట్టె కొనుక్కుని అక్కడి తోటలోనే తినొచ్చు.

మిగతావి పెద్దగా చెప్పేదేమీ లేదు. డ్యోనర్ (రొట్టెలో పెట్టిచ్చే టర్కీ కబాబ్) స్టేషన్ దక్షిణ వీధుల్లో బాగుంటుంది, ఒంటరిగా ఉన్నవాళ్ల రాత్రి తిండి. పెద్దవాళ్లని నిలబెట్టి తినిపించకండి. స్టూడెంట్లకి యూనివర్సిటీ క్యాంటీన్ మెన్సా ఉండనే ఉంది. పిజ్జా ఏ ఊళ్లోనైనా పిజ్జానే.

బీర్‌గార్టెన్‌కి ఉన్న లోటు ఒక్కటే, ఆకాశం. వాన పడితే బల్లలు ఖాళీ, అక్టోబర్ దాటితే తోటే ఖాళీ. అలాంటప్పుడు గుడ్డు కూడా ముట్టనివాళ్లకి ఇండియన్ రెస్టారెంటే. విర్ట్స్‌హౌస్‌కి వెళ్లక తప్పకపోతే, ఆర్డరిచ్చే ముందే "ఓనె ఫ్లైష్‌బ్రూయె?" అని అడగండి, మాంసం రసం లేకుండానా అని. అత్తయ్యగారి కోసం నేను ఆ జర్మన్ మాటని తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ దాన్ని హ్యాండ్‌బ్యాగులో కుంకుమ భరిణె పక్కన పెట్టుకుని తిరుగుతున్నారు.