పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు బోటు: నీటిమట్టం కనుక్కుని బయల్దేరండి

శ్రీశైలం వెళ్లిన ప్రతిసారీ మల్లన్న దర్శనం, సాక్షి గణపతి, శిఖరంతో సరిపెట్టుకునే మేము, ఈసారి ఒక పూటను పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు వెళ్లే బోటుకు కేటాయించాము. నల్లమల కొండల మధ్య కృష్ణ కోసుకున్న లోయలోనే, 1963లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట వెనుక, ఈ జలాశయం నిలిచి ఉంది. కాబట్టి బోటు ఎదురెక్కుతున్నది ప్రవాహానికి కాదు, ఒకప్పటి లోయ నడుముకు కట్టిన నీటికి.

ఈ ప్రయాణంలో అనుభవమంతా నీటిమట్టం మీదే ఆధారపడి ఉంటుందని టికెట్టు ఇచ్చేవారు ఒక్క మాటైనా చెప్పరు. జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. కొన్నేళ్ల క్రితం మండు వేసవిలో వచ్చినప్పుడు, రోప్‌వే దిగాక కూడా బురద పేరుకున్న మెట్లమీదుగా చాలా దూరం నడిచి నీటిని చేరవలసి వచ్చింది. అప్పుడు రెండు వైపులా కొండరాయి మీద, ఎవరో సున్నం కొట్టినట్టు, పాత నీటి గుర్తు తెల్లటి పట్టీలా మా తలలకు ఎంతో ఎత్తున కనిపించింది. మొదట్లో 308 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం 215 టీఎంసీల దరిదాపులకు పడిపోవడానికి కారణమైన ఒండ్రు ఎలా ఉంటుందో ఆ మెట్ల మీద కాలు జారినప్పుడు తెలిసింది. ఈసారి కార్తీకం వెళ్లాక వచ్చాము. పచ్చని చెట్ల మొదళ్ల దాకా నీరుంది, దిగవలసిన మెట్లూ తక్కువే.

సేవ విషయానికి వస్తే, ఇదిగో బయల్దేరుతుందంటూ, తగినంత మంది పోగయ్యే వరకు గంటన్నర కూర్చోబెట్టారు. నాకిచ్చిన లైఫ్ జాకెట్టుకు బకిల్ లేదు. అడిగితే నవారు ముక్కతో ముడి వేశారు. ఇది మాత్రం క్షమించరాని లోపం. ఇంజను పక్క సీట్లలో మాట వినబడదు, ముందు వైపు కూర్చోవడం మేలు. అయితే చెంచుల పుట్టి ఎదురైనప్పుడు, మన అలకు అది ఊగిపోకుండా సరంగు వేగం తగ్గించిన తీరు నాకు నచ్చింది.

గుహ ముందున్న సహజమైన రాతి తోరణం దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి తపస్సు చేసిందని చెప్పే లోపలి గది వేరు సంగతి: దారి ఇరుకు, చీకటి, వంగి పాకవలసినంత తక్కువ ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య బయటే ఆగిపోయారు. టార్చి, తాగునీరు మీరే తీసుకువెళ్లండి.

హైదరాబాదు వైపు తిరిగి వెళ్లేవారు ఉదయం బోటే ఎక్కాలి. రాత్రి తొమ్మిది దాటితే నల్లమల అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు గేటు తెల్లవారేదాకా తెరవరు.