పాత డిఫెండర్‌కి డిస్క్ హ్యాండ్‌బ్రేక్: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ కొనాలనుకునేవాళ్లు ఇంజిన్ గురించి అడుగుతారు, ఛాసిస్ తుప్పు గురించి అడుగుతారు. హ్యాండ్‌బ్రేక్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. నేనుండే షెఫీల్డ్‌లో మాత్రం అది చాలా పెద్ద విషయం. ఊరంతా గుట్టలే. 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ఇంగ్లండ్‌కి వచ్చినప్పుడు రైడర్లను ఇక్కడి జెంకిన్ రోడ్డు ఎక్కించారు. ఆ వాలు ఒకచోట 33 శాతం. ఇలాంటి ఊళ్లో దాదాపు రెండు టన్నుల బండిని ఇంటి ముందు ఆపి లోపలికి వెళ్తే, బ్రేక్ మీద నమ్మకం లేనివాళ్లకి టీ కూడా స్థిమితంగా దిగదు.

నాది 300టీడీఐ డీజిల్ ఇంజిన్ ఉన్న డిఫెండర్ 110, అంటే పొడవాటి మోడల్. 1990ల మధ్యలో తయారైంది. దాని హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ తీయించి డిస్క్ కిట్ వేయించి కొన్నేళ్లయింది. ఈలోపు రోడ్ల మీద చల్లే ఉప్పునీ, పక్కనున్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల బురదనీ, బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటేటా చూసే ఎంఓటీ పరీక్షనీ అది చూసింది. కొత్తలో అన్నీ బాగానే అనిపిస్తాయి కాబట్టి ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఈ బ్రేక్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మామూలు కార్లలో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలను పట్టుకుంటుంది. డిఫెండర్‌లో అలా కాదు. ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె ట్రాన్స్‌ఫర్ బాక్స్. ఇందులో వాడింది ఎల్‌టీ230 అనే రకం. దాని వెనక, చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదలయ్యే చోట 254 మిల్లీమీటర్ల డ్రమ్ ఒకటి ఉంటుంది. లివర్ లాగితే లోపలున్న షూలు విచ్చుకుని ఆ డ్రమ్‌ని పట్టుకుంటాయి. బ్రేక్ పట్టేది షాఫ్ట్‌ని. ఆ పట్టు వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ శక్తి పంచే గేర్లు) దాటేసరికి 3.54 రెట్లు అవుతుంది. అందుకే ఒక్క చిన్న డ్రమ్ అంత బరువైన బండిని ఆపగలుగుతుంది. 1948 నాటి మొదటి ల్యాండ్ రోవర్‌లోనూ ఇదే ఏర్పాటు. మన దగ్గర తిరిగిన పాత విల్లీస్ తరహా జీపుల్లోనూ హ్యాండ్‌బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉండేది.

ఆలోచన మంచిదే. చిక్కంతా డ్రమ్ ఉన్న చోటులోనే ఉంది. దాని ముందే ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఆయిల్ సీల్ ఉంటుంది. ఏళ్లు గడిచి సీల్ గట్టిపడితే కారిన ఆయిల్ నేరుగా షూల మీదికి చేరుతుంది. నా బండి డ్రమ్ ఊడదీసిన రోజు లోపల నల్లటి ముద్ద కనబడింది. షూల లైనింగ్ అరిగిన పొడి, ఆయిల్, సన్నటి మట్టి కలిసి కాటుకలా పేరుకుపోయాయి. వేలితో గీస్తే గీత పడింది, కింద షూ జిడ్డుతో మెరిసింది. లివర్ ఎంత పైకి లాగినా బండి ఎందుకు జారుతోందో అప్పుడు అర్థమైంది. ఇక వాగు దాటితే నీళ్లతో పాటు ఇసుక లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాదు. తర్వాత మైళ్ల కొద్దీ గరగర.

అయితే డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక మాట. చాలా బండ్లలో డ్రమ్ చెడిపోయి ఉండదు, అడ్జస్ట్‌మెంట్ తప్పి ఉంటుంది. బ్యాక్‌ప్లేట్ (షూలు అమర్చిన పలక) మీదున్న అడ్జస్టర్ బోల్టును షూలు డ్రమ్‌కి ఆనేదాకా బిగించి, డ్రమ్ స్వేచ్ఛగా తిరిగేలా వెనక్కి వదలాలి. ఆ తర్వాతే కేబుల్ సరిచేయాలి. లివర్ మూడో పంటి దగ్గరే బ్రేక్ పూర్తిగా పట్టాలి. చాలామంది అడ్జస్టర్ జోలికి పోకుండా కేబుల్ ఒక్కటే బిగించుకుంటూ పోతారు. దానివల్ల లివర్ బిగువుగా అనిపిస్తుందే గానీ పట్టు రాదు. సీల్ పొడిగా ఉండి, బండి ఎక్కువగా తారురోడ్డు మీదే తిరిగేదైతే, కొత్త షూలు వేసి సరిగ్గా అడ్జస్ట్ చేయించుకోండి. డిస్క్ అక్కర్లేదు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఎందుకంటే కిట్ ధర కొన్ని వందల పౌండ్లు.

నేను డిస్క్ వైపు వెళ్లింది బురద వల్ల. వాహనాలను అనుమతించే మట్టిదారుల్లో తరచూ తిరుగుతాను. కిట్‌లో వచ్చేవి ఒక డిస్క్, ఒక బ్రాకెట్, కేబుల్‌తో పనిచేసే మెకానికల్ క్యాలిపర్, ప్యాడ్లు. డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టేది క్యాలిపర్. లోపలి లివర్ పాతదే. పని కష్టమేమీ కాదు గానీ పాత బండి తన పంతం చూపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ నట్లకి 9/16 అంగుళాల పానా కావాలి. చోటు ఇరుకు, మామూలు సాకెట్ తిన్నగా కూర్చోదు. ఆ నట్ల కోసమే చేసిన సన్నటి సాకెట్ దొరుకుతుంది, కొనేయండి. డ్రమ్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొడితేనే కదిలాయి.

అంతా విప్పి ఉన్నప్పుడే ఆయిల్ సీల్ మార్పించాను. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: కారుతున్న సీల్ అలాగే వదిలి డిస్క్ వేస్తే దండగ. ఆయిల్ పడ్డ ప్యాడ్ ఆయిల్ పడ్డ షూలాగే జారుతుంది. సీల్ కోసం ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బిగించే పళ్లెం లాంటి భాగం) మధ్యలోని 30 మిల్లీమీటర్ల నట్టు విప్పాలి. సీల్ పెదవి ఆనే చోట ఫ్లాంజ్ మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూడండి. గాడి ఉంటే ఫ్లాంజ్ కూడా మార్చాల్సిందే, లేకపోతే కొత్త సీలూ కారుతుంది.

ఇక వాడకం. మొదట తెలిసేది లివర్ తేడా. తక్కువ దూరం లాగితే చాలు, ఎక్కడ పట్టిందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. కానీ చివర్లో బలంగా లాగాలి. డ్రమ్‌లో తిరుగుడు దిశలో ఉన్న షూ తనంతట తానే ఇంకాస్త లోపలికి గుంజుకుని పట్టు పెంచుకుంటుంది. డిస్క్‌కి ఆ సాయం ఉండదు. మా ఆవిడకి మొదట్లో ఇది నచ్చలేదు, తర్వాత అలవాటైంది. చేతుల్లో బలం తగ్గిన పెద్దవాళ్లు నడిపే బండైతే కొనేముందు వేరేవాళ్ల బండిలో ఒకసారి లాగి చూడండి.

బురద విషయంలో డిస్క్ మాట నిలబెట్టుకుంది. నీళ్లలోంచి బయటికొచ్చి కాస్త దూరం నడిపితే చాలు, తిరుగుతున్న డిస్క్ మట్టినీ నీటినీ విదిల్చేస్తుంది. ఆ పాత గరగర మళ్లీ వినలేదు. ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడటానికి ఏమీ విప్పక్కర్లేదు, కింద దూరి టార్చి వేస్తే కనబడతాయి. చాలా కార్లలో వెనక డిస్క్ వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలితే, చల్లారాక పట్టు సడలే ప్రమాదం ఉంది. ఇక్కడ ఆ భయం తక్కువ, ఎందుకంటే నడుస్తున్నప్పుడు ఈ డిస్క్‌కి పనే ఉండదు.

ఆ మాటొచ్చింది కాబట్టి: డ్రమ్ అయినా డిస్క్ అయినా, ఎంఓటీ పరీక్షలోనో, ప్రాణం మీదికొస్తేనో తప్ప కదులుతున్న బండిలో దీన్ని లాగకూడదు. ఆ దెబ్బంతా షాఫ్ట్, జాయింట్లు, డిఫరెన్షియల్ మీద పడుతుంది.

బాధ పెట్టేది ఉప్పు. చలికాలం అయ్యేసరికి క్యాలిపర్ స్లైడ్ పిన్నులు బిగుసుకోవడం మొదలవుతుంది. ఏటా వసంతంలో తీసి శుభ్రం చేసి గ్రీజు పెడతాను. అరగంట పని. అది మానేస్తే ఒక ప్యాడే అరుగుతుంది, పట్టు సగానికి పడిపోతుంది. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే డిస్క్ మీద పలచగా తుప్పు పడుతుంది గానీ కదిలించిన కాసేపటికే పోతుంది. ప్యాడ్లు మాత్రం ఇప్పటికీ మొదటివే.

ఎంఓటీకి వెళ్లినప్పుడు, హ్యాండ్‌బ్రేక్ షాఫ్ట్ మీద పనిచేస్తుందనీ, బండి ఎప్పుడూ నాలుగు చక్రాల మీద నడిచేదనీ టెస్టర్‌కి ముందే చెప్పండి. ఇలాంటి బండిని చక్రాలు తిప్పే రోలర్ల మీద పరీక్షించకూడదు, వేగం ఎంత త్వరగా తగ్గుతుందో కొలిచే డీసెలరోమీటర్‌తో చూడాలి. పార్కింగ్ బ్రేక్‌కి కావాల్సిన బ్రేకింగ్ సామర్థ్యం 16 శాతం. నా బండి ప్రతిసారీ దాన్ని ఇబ్బంది లేకుండా దాటింది.

డిస్క్ మార్చనివి రెండున్నాయి. వాలులో ఆపి ఫుట్‌బ్రేక్ వదలగానే బండి కొద్దిగా ఊగి ఆగుతుంది. అది షాఫ్ట్‌కీ చక్రాలకీ మధ్య గేర్లలో ఉన్న ప్లే (వదులు), బ్రేక్ తప్పు కాదు. రెండోది అసలైన ప్రమాదం, అది జాకీ. హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక చక్రం ఒకటి పైకి లేపితే, నేల మీదున్న రెండో చక్రం తిరగడానికి డిఫరెన్షియల్ దారిస్తుంది. లేపిన చక్రం గాలిలో ఎదురు తిరుగుతుంది, షాఫ్ట్ కదలకుండానే బండి జారిపోతుంది. దీనికి ముందు, వెనక షాఫ్టులను కలిపి బిగించే సెంటర్ డిఫ్ లాక్ వేయాలి. దాని లివర్ జరిపితే సరిపోదు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగాలి. వెలగకపోతే బండిని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. ఆ తర్వాత కూడా చక్రాలకి అడ్డు పెట్టాలి. నర్సీపట్నంలో మా మేనమామ తన పాత జీపుని చింతపల్లి ఘాట్‌లో ఎక్కడ ఆపినా, తాను దిగకముందే "రాయి పెట్టరా" అని కేకేసేవాడు. నేను ఇప్పటికీ వెనక సీటు కింద రెండు చెక్క దిమ్మెలు ఉంచుకుంటాను.

ఇంకొకటి, కొనే ముందు మీ ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఏదో చూసుకోండి. నేను చెప్పిందంతా ఎల్‌టీ230 ఉన్న బండ్లకే. డిఫెండర్‌కి ముందు తరం సిరీస్ ల్యాండ్ రోవర్లకి బాక్స్ వేరు, వాటికి వేరే కిట్ అడగాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు బండి సంవత్సరం, బాక్స్ సీరియల్ నంబరు రెండూ రాయండి. సీల్, కేబుల్ కూడా అదే ఆర్డర్‌లో తెప్పించుకుంటే బండిని రెండుసార్లు విప్పే పని ఉండదు.