పాత తుపాకికి తగిన తూటా: వరంగల్‌లోని ఒక తుపాకుల మరమ్మతు దుకాణం గురించి

మా ఇంట్లో ఉన్నది ఇంగ్లండులో తయారైన 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బారెల్ తుపాకి. తాతగారి తర్వాత నాన్నగారికి, ఆయన తర్వాత లైసెన్సు మార్పిడి జరిగి నాకు వచ్చింది. మా చేను ములుగు దాటిన తర్వాత అడవి అంచున ఉంటుంది. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల మంద ఒక్క రాత్రిలోనే ఆరు నెలల కష్టాన్ని తొక్కి పోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారుల అనుమతి లేనిదే పందినైనా కాల్చరాదు కనుక, ఇన్నేళ్లుగా ఈ తుపాకి చప్పుడుతో మందను తరమడానికే ఎక్కువగా పనికివచ్చింది. ఎన్నికల సమయంలో ఠాణాలో డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకున్నప్పుడు గొట్టాల లోపల తుప్పు కనిపించడంతో, బంధువులు చెప్పగా వరంగల్ పాత బజారు వైపున్న ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. ఇతరుల ఆయుధాలు భద్రపరిచే చోటు కాబట్టి పేరు, సందు వివరాలు రాయవద్దని యజమాని కోరారు. ఆ మాట సబబుగానే తోచింది.

అక్కడ పనిచేసే ఉస్తాద్‌గారు ముందుగా లైసెన్సు పుస్తకం అడిగి, తుపాకి నంబరును దానితో సరిచూసి, రిజిస్టరులో రాసుకుని రశీదు ఇచ్చారు. ఆ తర్వాతే తుపాకిని చేతిలోకి తీసుకున్నారు. ముందరి చెక్కను విప్పి, కుందాను పట్టుకుని మెల్లగా ఊపి, కీలు దగ్గర కదలిక ఉందేమో చూశారు. ఆ చెక్క బిగించి ఉంటే కీలులోని వదులు తెలియదట. గొట్టాలను కిటికీ వెలుగు వైపు ఎత్తి, లోపల వలయాలుగా కనిపించే కాంతిని చాలాసేపు పరిశీలించారు. ఎక్కడైనా సొట్ట ఉంటే ఆ వలయం అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. ఎడమ గొట్టంలో నాకు ఎన్నడూ తెలియని ఒక చిన్న సొట్టను ఆయన అలాగే పట్టుకున్నారు.

అయితే ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం తుప్పు కాదు, సొట్ట కాదు. నా దగ్గర కాల్చేసిన ఖాళీ తూటాలు ఏమైనా ఉన్నాయా అని ఆయన అడిగారు. సంచిలో ఉన్న నాలుగింటిని ఇచ్చాను. వాటి మూతి అంచులు చిరిగి, పీచులు లేచి ఉన్నాయి. అది చూసిన వెంటనే కొలత కడ్డీ తెచ్చి తూటా కూర్చునే గదిని కొలిచారు. ఆ గది 65 మిల్లీమీటర్లది, నేను కొన్నేళ్లుగా వాడుతున్న తూటాలు 70 మిల్లీమీటర్లవి.

ఇక్కడి ప్రమాదం కంటికి కనిపించదు. 12 బోరు తూటాపై రాసిన పొడవు అది పేలి, ముడిచిన మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలకముందు మూతి లోపలికి ముడిచి ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్ల తూటా కూడా 65 గదిలో హాయిగా కూర్చుంటుంది, తుపాకి మూసుకుంటుంది, ఏ అనుమానమూ రాదు. కాల్చినప్పుడు మాత్రం విచ్చుకోవలసిన మూతికి చోటు చాలక, గది తర్వాత సన్నబడే భాగంలోకి పొడుచుకుపోయి, రవ్వలు, అంటే తూటాలోని చిన్న గుండ్లు, వెళ్లే దారిని ఇరుకు చేస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది. నా తూటాల మూతులు చిరిగింది అందుకే.

రివాల్వర్ల విషయంలో అమెరికాలో ఈ చిక్కును ముందే ఆలోచించారు. 1935లో .357 మాగ్నం తూటాను తెచ్చినప్పుడు, అంతకుముందున్న .38 స్పెషల్ కంటే దాని గుల్లను, అంటే తూటా తొడుగును, సుమారు మూడు మిల్లీమీటర్లు పొడవు చేశారు. బలమైన ఆ తూటా పాత రివాల్వరులో పొరపాటున కూడా పూర్తిగా దూరకూడదన్నది ఉద్దేశం. 12 బోరుకు అటువంటి రక్షణ లేదు, కొలిచి చెప్పే మనిషే రక్షణ. గొట్టాల అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రలను, అంటే గొట్టాన్ని ఒత్తిడికి పరీక్షించాక వేసే గుర్తులను కూడా ఆయన భూతద్దంతో చూపించారు. నైట్రో ప్రూఫ్ అన్న మాట, దాని పక్కన ఒక ఔన్సు పైన ఎనిమిదో వంతు, అంటే సుమారు 32 గ్రాముల రవ్వల బరువు చెక్కి ఉన్నాయి. పొగలేని తుపాకిమందుకు ఈ గొట్టాలను పరీక్షించారని, అంతకు మించిన బరువు వేయరాదని దాని అర్థం. మూడు తరాలుగా తుడుస్తూ వచ్చిన తుపాకిపై ఆ అక్షరాలు ఉన్నాయని మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నన్ను బాధించింది.

తాతగారు ఇత్తడి గుల్లల్లో నల్ల తుపాకిమందు, అట్టబిళ్లలు, రవ్వలు వేసి ఇంట్లోనే తూటాలు నింపుకునేవారని విన్నాను. 65 కొలతవి దొరకనప్పుడు అలా నింపి ఇవ్వగలరా అని అడిగాను. ఆయన నిక్కచ్చిగా కాదన్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. చట్టం మాట అలా ఉంచినా, నల్ల తుపాకిమందు కొలిచిన గరిటెతోనే పొగలేని మందు కొలిస్తే గొట్టం చీలి చెయ్యి పోతుందని, పాతకాలపు కొలతలు గుర్తున్నవాళ్లే ఈ తప్పు చేస్తారని చెప్పారు. గది పొడవు పెంచమన్నా ఒప్పుకోలేదు. గోడ పలచబడిన గొట్టాన్ని మళ్లీ ప్రూఫ్ పరీక్షకు పంపకుండా వాడమని చెప్పలేనన్నారు. కొన్నేళ్ల క్రితం వేరే ఊరిలో ఒకరు అదే పనిని గంటలో చేసి ఇస్తానన్నారు. ఆ రోజు డబ్బు చాలక ఆగిపోయాను.

పని విషయానికి వస్తే, సొట్ట ఎత్తడం, తుప్పు తీయడం, రెండు ఫైరింగ్ పిన్నులు మార్చడం అన్నీ కలిపి 4,200 రూపాయలు తీసుకున్నారు. లోపల మిగిలిన సన్నని గుంటలను పూర్తిగా పోయేదాకా అరగదీయలేదు. లోహం తగ్గించడం కంటే మచ్చ ఉండనివ్వడం మేలన్న ఆయన నిర్ణయంతో ఏకీభవిస్తున్నాను. కీలు బిగువుగానే ఉందని దాని జోలికి పోలేదు, అనవసరపు పని ఏదీ బిల్లులో చేర్చలేదు. లోపం ఉన్నది సమయపాలనలోనే. పది రోజులన్నది ఇరవై నాలుగు రోజులైంది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. పంట మీదికి వచ్చిన సమయంలో అంత దూరం నుంచి రెండుసార్లు ఊరికే తిరగవలసి వచ్చింది. పనిలో చూపిన శ్రద్ధలో కొంతైనా కబురు చేయడంలో చూపి ఉండవలసింది.

తుపాకి అప్పగించేటప్పుడు మందు లేని ఉత్త తూటాలు పెట్టి రెండు ట్రిగ్గర్లూ నా చేతనే నొక్కించి చూపించారు. మిగిలిన పద్నాలుగు 70 మిల్లీమీటర్ల తూటాలను నేను లైసెన్సున్న డీలరు దగ్గర రిజిస్టరులో రాయించి వదిలేశాను. ఇంట్లో పాత 12 బోరు ఉన్నవారు ఈ సీజనుకు తూటాలు కొనే ముందు, ఖాళీ గుల్లలు రెండు మూడు వెంట తీసుకుని ఇటువంటి ఉస్తాద్ దగ్గరికి వెళ్లి గది కొలిపించుకోవాలని కోరుతున్నాను. కొలవడానికి ఆయన నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.