మగపని–ఆడపని ఇల్లా, పంచుకునే ఇల్లా?

పెళ్లయినంక ఇల్లెట్ల నడవాలె అని దేవరకొండ దిక్కు డిగ్రీ పిల్లలను అడిగితే రెండు జవాబులు వస్తయి.

మొదటిది: మగాయన సంపాదిస్తడు, ఆడామె ఇల్లు చూసుకుంటది. ఎవరి పనేందో ముందే తెలుసు, రోజూ వాదులాట ఉండదు. ఆ నెమ్మది నిజమే. కానీ మన ఊర్లల్ల ఈ లెక్క ఎప్పుడు కుదిరింది? నాట్లు, కలుపు, పత్తి ఏరుడు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదనే నడుస్తయి. పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయిన జంటలల్ల ఇద్దరూ తట్ట మోసిండ్రు. గుడిసెకొచ్చి పొయ్యి అంటుబెట్టింది మాత్రం ఆమెనే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లల్ల ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97. ఈ పద్ధతి మగపిల్లలనూ నలుపుతది. నౌకరీ లేని పిల్లగాడు పెళ్లిచూపులల్ల తల ఎత్తలేడు. ఆ బాధ నేను దగ్గరగ చూసిన.

రెండోది: ఇద్దరూ సంపాదించుడు, ఇద్దరూ వండుకునుడు. మొదట్ల గొడవలైతయి, పెద్దోళ్లు ముఖం మాడ్చుకుంటరు. అయినా నేను దీని దిక్కే. పోచంపల్లి నేతిండ్లల్ల ఆమె కండెలు చుట్టకుంటే ఆయన మగ్గం ఆగిపోతది. చీర మీద ఇద్దరి చెమట ఉంటది.

మా ఇంట్ల పదో తరగతి పిల్లగాడు ఇప్పుడు రాత్రి అన్నం వండుతున్నడు. మొదటి వారం మెత్తగైంది. పచ్చిపులుసు పోసుకొని అందరం తిన్నం.