గురుడా, శనా? మన జిల్లాల పిల్లలకు ముందు ఏది చూపించడం మేలు?

బడికో ఇంటికో కొత్తగా టెలిస్కోపు వచ్చిందంటే అందరూ ముందు అడిగేది శని గురించే. ఉంగరాలు చూడాలి, అంతే. ఆ సరదా తప్పని నేననను. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ, 70 మిల్లీమీటర్ల అద్దమున్న చిన్న టెలిస్కోపుతో పిల్లలకు ఆకాశం నేర్పాలనుకునే వాళ్లకు నేను చెప్పేది వేరు. ముందు గురుడు, తర్వాతే శని.

మొదటి చిక్కు మబ్బులతో. బయటి గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు మనకు బాగా దగ్గరగా, రాత్రంతా కనిపిస్తుంది. శనికి ఆ అవకాశం 2026లో అక్టోబరు మొదట్లో, 2027లో అక్టోబరు నడుమ వస్తుంది. అక్టోబరు అంటే మన తీరంలో ఎవరికి తెలియదు? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను లేకపోయినా చినుకు వదలదు. గురుడు అలా కాదు. 2027లో ఫిబ్రవరిలో, 2028లో మార్చిలో ఎదురుకొస్తాడు. చేలు కోసేసి, ఆకాశం తేటగా ఉండే రోజులవి. శనికి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి: నవంబరు, డిసెంబరు సాయంత్రాల్లో కూడా అతను బాగానే కనిపిస్తాడు. కాకపోతే అప్పటికి మంచు మొదలవుతుంది, తొమ్మిది దాటితే అద్దం మీద చెమ్మ పడుతుంది. అద్దాన్ని గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. మూత పెట్టి కాసేపు ఆగండి.

రెండోది ఖర్చు. గురుడి నాలుగు పెద్ద చందమామలు కనిపించాలంటే టెలిస్కోపు కూడా అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్న 10×50 బైనాక్యులర్‌ని గోడకో స్టాండుకో ఆనించి కదలకుండా పట్టుకుంటే చాలు. శని ఉంగరాలు బైనాక్యులర్లో విడిగా తెలియవు, కనీసం ముప్పై రెట్లు పెద్దది చేసి చూపించే టెలిస్కోపు కావాలి. పైగా ఇప్పుడు ఉంగరాలకు మంచి రోజులు కావు. 2025 మార్చిలో వాటి అంచు సూటిగా మన వైపు తిరిగింది. లక్షల కిలోమీటర్ల వెడల్పున్నా మందం పదుల మీటర్లే కాబట్టి అలా తిరిగినప్పుడు దాదాపు మాయమైపోతాయి. ఇప్పుడిప్పుడే మళ్లీ విచ్చుకుంటున్నాయి, పూర్తి వెడల్పు 2032కి గానీ రాదు. ఫోటోల్లో చూసిన శనిని ఊహించుకుని వచ్చిన పిల్లాడికి ఈ సన్నటి గీత కొంచెం నిరాశే.

అసలు తేడా ఇవేవీ కాదు, కదలికలో ఉంది. శని నిన్న ఎలా ఉన్నాడో ఈ రోజూ అలాగే ఉంటాడు. అతని చందమామల్లో చిన్న టెలిస్కోపుకు తేలిగ్గా దొరికేది టైటాన్ ఒక్కటే, అది ఒక చుట్టు తిరగడానికి 16 రోజులు తీసుకుంటుంది. గురుడి దగ్గర రోజూ హడావుడే. అతని నాలుగు పెద్ద చందమామల్లో ఒకటైన అయో గంటకు అరవై వేల కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. గురుడి అంచు దగ్గరున్నప్పుడు పట్టుకుంటే గంటలోనే జరిగినట్టు కంటికి తెలుస్తుంది. గెలీలియో 1610 జనవరిలో చేసిన పని మన పిల్లలూ చేయొచ్చు: నోటుబుక్కులో నడుమ ఒక సున్నా, అటూ ఇటూ నాలుగు చుక్కలు, పక్కన తేదీ, టైము. ఒక్కోరోజు మూడే చుక్కలుంటాయి. నాలుగోది ఎక్కడికి పోయిందో వాళ్లనే చెప్పనివ్వండి. గురుడి ముందుకో వెనక్కో వెళ్లి ఉంటుంది, లేదా అతని నీడలో పడి ఉంటుంది.

కొన్ని వారాలు ఓపిక పడితే లెక్క బయటపడుతుంది. అయో చుట్టు 1.77 రోజులు, యూరోపా 3.55, గానిమీడ్ 7.15. ఒకదానికొకటి దాదాపు రెట్టింపు. ఈ పొత్తు వల్లే అయో కక్ష్య పూర్తి గుండ్రం కాలేకపోతోంది. గురుడి లాగుడు ఎక్కువా తక్కువా అవుతూ దాని లోపల రాయిని పిసికి వేడెక్కిస్తోంది. 1979లో వోయేజర్-1 నౌక వెళ్లేసరికి అక్కడ అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతూ కనిపించడానికి కారణం ఇదే. పిల్లలు తమ చేత్తో గీసిన చుక్కల నుంచి అగ్నిపర్వతం దాకా వెళ్లే దారి శని దగ్గర లేదు.

అయితే కథ చెప్పడంలో శనిదే పైచేయి, ఇది ఒప్పుకోవాలి. టైటాన్ మీద గాలి ఒత్తిడి మన నేల మీదకన్నా ఒకటిన్నర రెట్లు. అక్కడ కురిసే వాన మీథేన్, ఆ వానకు వాగులు, చెరువులు కూడా ఉన్నాయి. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక అక్కడ దిగింది. అదే ఏడాది శని మరో చందమామ ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్ల నుంచి నీటి ఆవిరి చిమ్ముతోందని శని చుట్టూ తిరిగిన కసీని నౌక కనిపెట్టింది. గురుడి వైపున యూరోపా మంచు పెంకు కింద కూడా సముద్రం ఉందంటారు, దాన్ని చూడడానికి 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో చేరుతుంది. నన్నడిగితే జీవం వెతకడానికి ఎన్సెలాడస్సే మేలు, నీరు తనంతట తానే బయటికొస్తోంది కదా. కానీ ఎన్సెలాడస్ మీ టెలిస్కోపులో కనపడదు, యూరోపా కనపడుతుంది.

ఇంకో అడ్డంకి పెద్దవాళ్లు. "ఏటి మాస్టారూ, శనీశ్వరుణ్ణి అద్దంలోంచి సూస్తే ఏటీ అవ్వదా?" అని అడుగుతారు. ఎగతాళి చేయకండి. అతను బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా 120 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలోనే ఉంటాడని చెప్పండి. వాళ్లకు తెలిసిన లెక్కల్లోనే ఖగోళం ఉందని కూడా చూపించండి. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు, అంటే రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులు దాటితే ఏలినాటి శని ఏడున్నరేళ్లు. గురుడికి సుమారు పన్నెండేళ్లు, రాశికి ఏడాది. 2015లో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో రావడం ఆ చుట్టు వల్లే. గురుడు ఏ రాశిలో ఉన్నాడో ఇంట్లో పంచాంగం చూస్తే తెలుస్తుంది, యాప్ అక్కర్లేదు.

యురేనస్, నెప్ట్యూన్ ఈ పోటీలోకి రావు. యురేనస్ నీలాకుపచ్చ చుక్క, నెప్ట్యూన్ ఇంకా చిన్న చుక్క. ఎక్కడున్నాయో పటంతో వెతికి పట్టుకోవడమే అక్కడ సరదా, పిల్లలు అయిదు నిమిషాల్లో ఆవలిస్తారు.

చోటు విషయానికొస్తే, గ్రహాల కోసం కళింగపట్నం, బారువ బీచ్‌లకు పోనక్కర్లేదు. సముద్రం మీద అప్పుడే పైకొచ్చిన గ్రహం దట్టమైన గాలిలోంచి వణుకుతూ కనపడుతుంది, అది బాగా పైకెక్కే దాకా ఆగాల్సిందే. విజయనగరం నడిబొడ్డునైనా వీధిలైటు కంట్లో పడకపోతే చాలు. డాబా మీద మాత్రం వద్దు. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి వేడి వదులుతుంటే బొమ్మ నీళ్లలో ఊగినట్టు ఊగుతుంది. మట్టి నేల, బడి మైదానం మేలు. మరో ఇబ్బంది, గురుడు ఇప్పుడు మనకు దాదాపు నడినెత్తికి వస్తున్నాడు. పొట్టి స్టాండు మీద గొట్టం నిలువుగా పెడితే పిల్లలు నేల మీద పడుకుని చూడాల్సి వస్తుంది. లంబంగా తిప్పే అద్దం ముక్క, అదే డయాగనల్, టెలిస్కోపుతో పాటు వచ్చిందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

ఒకే ఒక్క రాత్రి, ఊరంతా వచ్చే సందర్భం అయితే నా మాట పక్కన పెట్టి శనినే చూపించండి. తలా అర నిమిషం చూసే జనానికి చుక్కల లెక్క ఎక్కదు. 2027 సంక్రాంతి సెలవుల్లో రెండూ కుదురుతాయి. చీకటి పడగానే పడమటి సగంలో శని, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత తూర్పున పైకొచ్చిన గురుడు. భోగి నాడు మాత్రం పెట్టుకోకండి, మంటల పొగ తెల్లవారుజాము నుంచే ఊరి మీద ఉంటుంది.