పాత ఆటోమేటిక్ కారు కొనేవారికి హెచ్చరిక: ఘాట్ ఎక్కించి చూడనిదే డబ్బు కట్టకండి

విజయనగరంలో పాత కార్ల వ్యాపారి ఒకరి దగ్గర సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గేరుబాక్సు ఉన్న కారు కొని నిలువునా మోసపోయాను. ఊళ్లో రింగు రోడ్డు మీద నడిపితే ఏ లోపమూ కనిపించలేదు. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా అసలు రంగు బయటపడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంజిను అరుస్తోందే గానీ కారు ముందుకు లాగడం లేదు. వెనుక వరసగా లారీలు, బండిలో పిల్లలు.

మెకానిక్ గేరుబాక్సు ఆయిలు దించి తెల్లగుడ్డ మీద వేశాడు. నల్లగా ఉంది, మాడు వాసన, వేలితో రుద్దితే ఇనుప రజను మెరిసింది. అమ్మకం అయిపోయాక వ్యాపారి ఇచ్చిన సర్వీసు బిల్లు చూస్తే, అందులో పోసింది మామూలు ఆటోమేటిక్ గేరు ఆయిలు! సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. పుల్లీల పలకలు దగ్గరగా, దూరంగా జరిగేకొద్దీ గేరు నిష్పత్తి మారుతుంది. బెల్టు జారకుండా పట్టు నిలవాలంటే దానికోసమే తయారైన ఆయిలు పోయాలి. వేరేది పోస్తే బెల్టు జారి, పుల్లీలు గీరుకుపోతాయి. మరమ్మతు ఖర్చు విని నాకు నోట మాట రాలేదు.

‘ఆటోమేటిక్’ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిను శక్తి ద్రవం ద్వారా గేర్లకు చేరుతుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో కార్లకు వచ్చిన ఏఎంటీలో ఉండేది మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం యంత్రం చేస్తుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలిపేవారి చేతిలో దాని క్లచ్ త్వరగా అరిగిపోతుంది. కొనబోయేది ఏ రకమో ముందు అడగండి, ఆయిలు ఎప్పుడు మార్చారో, ఏది పోశారో బిల్లు చూపమనండి. బిల్లు లేదంటే వదిలేయడమే మంచిది.

మీరు వెళ్లేసరికే ఇంజిను వేడిగా ఉంటే మరో పూట రండి. చల్లని బండిని మీరే స్టార్ట్ చేసి ‘డి’లో (ముందుకు నడిపే గేరులో) పెట్టండి. ఆలస్యంగా, కుదుపుతో కదిలితే అనుమానించాల్సిందే. తర్వాత బాగా వేడెక్కేదాకా నడిపి, ఎత్తు ఎక్కించండి.

ఇంకొకటి. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ఇంజిను ఆగితే గేరుబాక్సులో ఆయిలు పంపు కూడా ఆగుతుంది, చక్రాలతో పాటు తిరిగే లోపలి భాగాలకు ఆయిలు అందదు. ఇంజిను తిప్పే చక్రాలను పైకెత్తే బండినే పిలిపించండి.

‘అమ్మాక మాకు సంబంధం లేదు’ అని వ్యాపారి చేతులు దులుపుకున్నాడు. నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. రెండేళ్లలోపు వేయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి సలహా అడగవచ్చు. రసీదు, ఆయిలు బిల్లు, వ్యాపారితో జరిగిన వాట్సాప్ సంభాషణ భద్రంగా ఉంచుకోండి.