క్యాట్‌పూచిన్ మోకా: ఎడిటర్ నుంచి టెర్మినల్ దాకా ఒకే రంగులు

కోడ్ ఎడిటర్లు వీఎస్ కోడ్, నియోవిమ్, టెర్మినల్‌ని పేన్‌లుగా విడగొట్టే టీమక్స్, కోడ్‌లో మార్పులు చూపే గిట్ డిఫ్‌లు: అన్నిట్లోనూ చాలాకాలంగా క్యాట్‌పూచిన్ అనే రంగుల థీమ్ వాడుతున్నాను. ఇందులో లాటే, ఫ్రాపే, మాకియాటో, మోకా అని నాలుగు రకాలు, ఒక్కోదానిలో 26 రంగులు. లాటే ఒక్కటే లైట్ థీమ్. నాది ఎక్కువగా మోకా.

చూడ్డానికి బాగుండే థీమ్‌లు ఇంకా చాలా ఉన్నాయి. దీన్ని నేను వదలకపోవడానికి కారణం, ఏ రంగు దేనికో ముందే రాసిపెట్టి ఉండటం. కీవర్డ్‌లకు ఊదా, స్ట్రింగ్‌లకు ఆకుపచ్చ, ఫంక్షన్‌లకు నీలం, అంకెలకు లేత నారింజ. టూల్ మారినా కన్ను మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. కోడ్ రివ్యూలో ఆ సుఖం బాగా తెలుస్తుంది.

అయితే ఎడిటర్‌లో థీమ్ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఇదంతా రాదు. ముందు సరిచేయాల్సింది టెర్మినల్‌లోని (కమాండ్‌లు టైప్ చేసే విండో) 16 రంగులు. ఎల్ఎస్, గ్రెప్, గిట్ లాంటి కమాండ్‌లు మామూలుగా రంగు నంబరు మాత్రమే పంపుతాయి. ఆ నంబరుకి ఏ ఎరుపు, ఏ పచ్చ అన్నది టెర్మినలే తేలుస్తుంది. ఆ 16 కుదిరితే చాలా టూల్స్ వాటంతటవే దారికొస్తాయి. ఫైళ్లను రంగుల్లో చూపే బ్యాట్‌కి 'యాన్సీ' థీమ్ పెడితే అదీ ఈ రంగులే తీసుకుంటుంది. 2011 నాటి సోలరైజ్డ్ థీమ్ అంటే నాకు చాలా గౌరవం, కానీ దాని డార్క్ పాలెట్‌లో ఆ 16లో ఒకటైన 'బ్రైట్ బ్లాక్', బ్యాక్‌గ్రౌండ్ రెండూ ఒకటే రంగు. ఏ టూల్ అయినా ఆ నంబరుతో అక్షరాలు ప్రింట్ చేస్తే ఏమీ కనబడదు. మోకాలో అవి మసకగానైనా కనిపిస్తాయి.

ఇంకా రెండు చోట్ల జాగ్రత్తపడాలి. టీమక్స్‌లో ఆర్‌జీబీ ఫీచర్ ఆన్ చేయకపోతే 24 బిట్ రంగుల్ని 256లో దగ్గరగా ఉన్నదానికి మార్చేస్తుంది. దాంతో నియోవిమ్ బ్యాక్‌గ్రౌండ్ ఒకలా, పక్క పేన్‌లోని షెల్ ఇంకోలా ఉంటాయి. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్‌లో 'మినిమమ్ కాంట్రాస్ట్ రేషియో' (అక్షరాలకూ బ్యాక్‌గ్రౌండ్‌కూ ఉండాల్సిన కనీస తేడా) డిఫాల్ట్‌గా 4.5. అంతకు తగ్గిన అక్షరాల రంగును అది తనే మార్చేస్తుంది. థీమ్ రంగులు ఉన్నదున్నట్టు కావాలంటే 1 పెట్టాలి. మసక అక్షరాలు చదవడం కష్టమయ్యేవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, రంగులు కలవడం కన్నా చదవగలగడం ముఖ్యం.

ఎంత సర్దినా నూటికి నూరు పాళ్లు కలవదు. నియోవిమ్‌లో ట్రీసిట్టర్, వీఎస్ కోడ్‌లో టెక్స్ట్‌మేట్ గ్రామర్లు కోడ్‌ని వేరువేరుగా విడదీస్తాయి కాబట్టి ఒకే వేరియబుల్ అక్కడో రంగులో, ఇక్కడో రంగులో కనిపించవచ్చు. రోజువారీ పనికి ఇది అడ్డం కాదు.

నాకున్న అసలు ఫిర్యాదు లాటే మీద. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద దాని పసుపు అక్షరాలు బాగా పలచగా ఉంటాయి, పైగా టైపులకీ, క్లాసులకీ వాడేది ఆ రంగునే. నేను దాన్ని ముదురు చేసుకున్నాను. నియోవిమ్ ప్లగిన్‌లోనూ వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌లోనూ ఒక్కో రంగును మార్చుకునే ఆప్షన్ ఉంది. టెర్మినల్ కాన్ఫిగ్‌లో మాత్రం చేత్తో దిద్దుకోవాలి.